పథ్యం లేని జబ్బు

మన వాళ్ళలో ఒక మంచి గుణం ఉంది. ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే, ఎలా ఉన్నారని తర్వాత అడుగుతారు, ముందు పథ్యం ఏమిటని అడుగుతారు. కామెర్లకు పథ్యం ఉంది, పురిటికి పథ్యం ఉంది, కుక్క కరిచినా పథ్యం ఉంది. పథ్యం చెప్పని డాక్టరుకు ఫీజు ఇవ్వడం దండగ అనుకునే ఇంట్లో పుట్టాను నేను. అలాంటి నాకు, ఖర్మ కాకపోతే, పథ్యం లేని జబ్బు వచ్చింది.

దాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. విజయవాడలో నరాల డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే నరాలకూ తొడుగు ఉంటుందట. రోగాలను తరిమికొట్టడానికి ఒంట్లో ఉన్న సైన్యం పొరపాటు పడి ఆ తొడుగునే కొరికేస్తుందట.

"అంటే ఇంట్లో ఎలకలు వైరు కొరికినట్టాండీ?" అని అడిగాను.

"దాదాపు అంతేనమ్మా" అన్నారాయన.

అందువల్ల ఒక్కోరోజు నా కాళ్ళు నా మాట వినవు. ఒక్కోరోజు కళ్ళు మసకేస్తాయి. ఏ పనీ చేయకుండానే చాకిరీ చేసినంత అలసట. ఎండా ఉక్కా తోడైతే ఇవన్నీ కూడబలుక్కుని ఒకేసారి వస్తాయి.

"మరి పథ్యం డాక్టరు గారూ?" అన్నాను, కొంగు సవరించుకుని, ఎంత కష్టమైనా తట్టుకుందామని.

"ఏమీ లేదు. కూరలు, పప్పులు, పళ్ళు, చేపలు అన్నీ తినండి. ఉప్పూ నూనే మితంగా వాడండి. విటమిన్ డి తక్కువగా ఉంది, బిళ్ళలు రాశాను. ఫలానాది తింటే ఈ జబ్బు పోతుందని ఎవరైనా చెబితే విని ఊరుకోండి, మందులు మాత్రం మానకండి. ఎండలో తిరగొద్దు. మెట్లు తగ్గించండి."

ఆ చివరి ముక్క అప్పుడు నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

నేను పనిచేసేది ఏలూరులో, జనపనార గోనెసంచుల అభివృద్ధి మండలిలో. సీనియర్ అసిస్టెంటుని. గోనెసంచి అభివృద్ధి చెందితే ఏమవుతుందని అడక్కండి. ఇరవై ఏళ్ళుగా నేనూ ఎవర్నీ అడగలేదు. మా సెక్షను మూడో అంతస్తులో. కింద డైరెక్టరు గారి ఏసీ గది, ఆయన మీటింగు గది, ఆ పక్కన లిఫ్టు ఉన్నాయి. లిఫ్టు ఆగిపోయి మూడేళ్ళయింది. లిఫ్టు ఆపరేటరు అప్పన్న మాత్రం ఆగలేదు. రోజూ ఠంచనుగా వచ్చి, మూసిన తలుపు ముందు స్టూలు వేసుకుని, అయిదింటిదాకా కూర్చుని వెళతాడు.

"ఏం అప్పన్నా, లిఫ్టు ఎప్పుడు నడుస్తుంది?" అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"ఆర్డరు రావాలమ్మా."

ఆ ఏడు మార్చిలోనే ఎండలు ముదిరాయి. రెండో అంతస్తు దాటేసరికి నా కాళ్ళు గడగడలాడేవి. మెట్ల మలుపులో చతికిలబడి, గోడ పట్టుకుని, దేవుణ్ణీ మండలినీ సమానంగా తిట్టుకుని మళ్ళీ లేచేదాన్ని. వేలిముద్ర యంత్రం మూడో అంతస్తులోనే ఉంది. అది పది దాటితే ఎవరి కాళ్ళనూ నమ్మదు. ఆలస్యాలు పేరుకునేసరికి మా ఏ.ఓ. పరమేశం గారు పిలిపించారు. మా పరిపాలన అంతా ఆయన చేతిలోనే.

"మీ మంచి కోరి చెబుతున్నానండి హైమవతి గారూ" అన్నారు, గొంతులో తేనె పోసుకుని. "వైద్య కారణాల మీద గౌరవప్రదమైన పదవీ విరమణ అని ఒకటుందండి. చాలా బాగుంటుందండి. దండ కూడా వేస్తాం."

ఉద్యోగం ఉంటే నేను హైమవతిని, అది పోతే మంచం మీద మనిషిని. వచ్చేవాళ్ళు జాలిగా చూసి, కమలాపళ్ళు పెట్టి పోతారు. నాకది వద్దు.

"నాకింకా నలభై నాలుగేళ్ళండి. దండ అప్పుడే ఎందుకు? లిఫ్టు బాగు చేయించండి, టయానికి వస్తాను" అన్నాను.

"అది విధాన నిర్ణయం అండి. డైరెక్టరు గారిని అడగాలి."

డైరెక్టరు త్రివిక్రమరావు గారు కళ్ళు మూసుకుని వినే మనిషి. అలా వింటే మానవీయ కోణం బాగా కనిపిస్తుందని ఆయన నమ్మకం. నేను నిలబడి, బల్ల పట్టుకుని, జబ్బు సంగతంతా చెప్పాను. చివరిదాకా విన్నారు.

"పథ్యం ఏమిటి?" అన్నారు.

"పథ్యం ఏమీ లేదు సార్. అన్నీ తినమన్నారు."

కళ్ళు తెరుచుకున్నాయి.

"అన్నీనా?"

"అన్నీ సార్."

"పరమేశం గారూ, ఈవిడ అన్నీ తింటున్నారట."

"అన్యాయమండి" అన్నారు పరమేశం గారు.

"చూడమ్మా" అన్నారు డైరెక్టరు గారు, గొంతు సవరించుకుని. "సంస్థ మీ పట్ల సానుభూతితోనే ఉంది. కానీ సానుభూతికి ఒక ఆధారం ఉండాలి. నాకు షుగరు. ఇరవై ఏళ్ళుగా పూతరేకు ముట్టలేదు. అది త్యాగం. త్యాగం ఎక్కడుందో అక్కడ జబ్బు ఉన్నట్టు సంస్థ పరిగణిస్తుంది. మీరు హాయిగా అన్నీ తింటూ లిఫ్టు కూడా కావాలంటే, రేపు జబ్బు లేనివాళ్ళు కూడా లిఫ్టు అడుగుతారు."

"అడిగితే ఏం పోయింది సార్? లిఫ్టు అందరూ ఎక్కేదే కదా?"

"అది ప్రస్తుత చర్చనీయాంశం పరిధిలోకి రాదు" అన్నారాయన. "ముందు మీకొక పథ్యం ఏర్పాటు చేద్దాం. అది ఫలిస్తే మెట్లు మీరే ఎక్కేస్తారు. లిఫ్టు అవసరమే ఉండదు. ఫలించకపోతే మీ జబ్బు సంస్థ శక్తికి మించినదని తేలిపోతుంది. అప్పుడు విరమణ. ఏ విధంగా చూసినా సమస్య పరిష్కారం."

పరమేశం గారు అప్పటికప్పుడే విజయవాడ డాక్టరు గారికి ఫోను చేశారు. "పనుల ఒత్తిడిలో పథ్యం చెప్పడం మర్చిపోయారేమోనండీ" అన్నారు వినయంగా. అవతలినుంచి ఏం విన్నారో గానీ, ఫోను పెట్టేసి పెదవి విరిచారు. "కుర్రాడండి. అనుభవం చాలదు."

వారం తిరక్కుండా పథ్య నిర్ణయ ఉపసంఘం ఏర్పడింది. అన్ని విభాగాలకూ సమాన ప్రాతినిధ్యం కావాలి గనుక ప్రతి విభాగాధిపతికీ ఒక్కో పదార్థాన్ని వద్దనే అధికారం ఇచ్చారు. సమావేశం మూడో అంతస్తులో పెట్టారు గనుక నన్నూ కూర్చోనిచ్చారు.

"పెరుగు వద్దండి. మా బావమరిదికి పెరుగు వల్లే నడుం పట్టేసింది" అన్నారు అకౌంట్స్ ఆయన.

"చింతపండు తీసెయ్యండి. నరాలు లాగేస్తుంది" అన్నారు స్టోర్సు ఆయన.

దుంపలు వాతమన్నారు న్యాయ విభాగం వారు. వంకాయ దురదన్నారు ఇంజనీరు గారు. నాకు దురద జబ్బు కాదని నేను మనవి చేస్తే, ముందు జాగ్రత్త అన్నారు. కందిపప్పును మహిళా ప్రతినిధి తీసేశారు. పళ్ళు చలవ చేస్తాయని టపా విభాగం వారు, ఏదో ఒకటి అనకపోతే తమ విభాగానికి పరువు తక్కువని ఉప్పును ప్రచార విభాగం వారు తొలగించారు. పరమేశం గారు చేపను పట్టుకున్నారు.

"అయ్యా, చేప మంచిదని డాక్టరు గారే చెప్పారండి" అన్నాను.

"మీకు మంచిది కావచ్చు. కార్యాలయ వాతావరణానికి కాదు" అన్నారాయన.

చివరికి మిగిలినవి రెండే. ఒకటి ఉప్పు లేని రాగిజావ, రెండోది బీరకాయ. బీరకాయ అంటే గిట్టని విభాగాధిపతి ఆ రోజు సెలవులో ఉండబట్టి అదైనా మిగిలింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించి, వాళ్ళంతా మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నారు.

నిజం చెప్పొద్దూ, రాగిజావ మీద నాకేం కోపం లేదు. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్క నంజుకుని తాగితే వేసవిలో అంత మంచిది లేదు. కానీ రోజూ మధ్యాహ్నం ఒంటరిగా దాని ముఖం, బీరకాయ ముఖం చూస్తూ కూర్చోవడం వేరు. అంతకు ముందు మా సెక్షనులో రెండు బల్లలు కలిపి, అందరి డబ్బాలూ మధ్యలో పెట్టుకుని తినేవాళ్ళం. ఎవరి కూర ఎవరి కంచంలో ఉందో తెలిసేది కాదు. నా పక్క సీటు గ్రేస్‌మణి కొల్లేటి కొరమీను పులుసు తెచ్చిన రోజున అన్నం చాలక కొట్టుకునేవాళ్ళం. రోజంతా ఆ అరగంట కోసమే మెట్లు ఎక్కేదాన్నేమో అనిపిస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

ఇక పథ్యం వంట ఎక్కడ చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. వంట ఆగ్నేయంలో ఉండాలని వాస్తు. ఆగ్నేయ మూల ప్రతి అంతస్తులోనూ మరుగుదొడ్లున్నాయి. కట్టేటప్పుడు వాస్తు ఎవరూ చూడలేదు, వండేటప్పుడు చూశారు. ఖాళీగా ఉన్న ఆగ్నేయం మేడ మీద ఒక్కటే. అక్కడ రేకుల షెడ్డు వేసి పొయ్యి పెట్టారు. పథ్యం వండిన చోటే తినాలని ఇంకో నియమం. అంటే మూడంతస్తులు ఎక్కలేని నేను, ఎక్కలేకపోతున్నందుకు, మిట్టమధ్యాహ్నం నాలుగోది కూడా ఎక్కాలన్న మాట.

రాగుల బస్తాలు దించడానికి చోటు కావలసి వచ్చింది. గోనెసంచుల మండలి గనుక సంచులకు లోటు లేదు, చోటుకే లోటు. పరమేశం గారు అటూ ఇటూ చూసి, వాడకంలో లేని గది ఒకటి కనిపెట్టారు. లిఫ్టు తలుపు తీయించి, లోపల పైదాకా రాగుల బస్తాలు పేర్పించారు.

"అప్పన్నా, నువ్వయినా చెప్పొద్దా? అది లిఫ్టు కదా?" అన్నాను ఏడుపుగొట్టు ముఖంతో.

"ఆర్డరమ్మా" అన్నాడు. అతని ముఖం మాత్రం వెలిగిపోతోంది. మూడేళ్ళ తర్వాత ఆ తలుపు తీసి మూసే పని దొరికింది మరి.

తర్వాత జరిగినది ఎవరూ అనుకోనిది. నా పథ్యం సంగతి చుట్టుపక్కల కార్యాలయాలకు పాకింది. మండలి తన ఉద్యోగిని కోసం ఉపసంఘం వేసిందని పేపర్లో చిన్న ఫోటోతో పడింది. ఫోటోలో డైరెక్టరు గారు రాగిజావ గ్లాసు పట్టుకుని ఉన్నారు. నా చెయ్యి కూడా కొంచెం పడింది. ఆ మర్నాటినుంచి పథ్యం లేని మనిషంటే కార్యాలయంలో లోకువైపోయింది. జబ్బు లేకపోయినా పరవాలేదు గానీ పథ్యం లేకపోతే పరువు లేదు.

అకౌంట్స్ ఆయన తన పథ్యం ఫ్యాను కింద నుంచి కదలకపోవడమని ప్రకటించారు. అది తిండి కాదు కదా అని ఎవరో గొణిగితే, పాతకాలం వైద్యులు తలస్నానం, గాలి, పగటి నిద్ర కూడా పథ్యంలో కలిపి చెప్పేవారని ఆయన వాదించి నెగ్గారు. ఉపసంఘం ఒప్పుకుంది. ఇక ఆగుతారా! స్టోర్సు ఆయనకు దుమ్ము పడదు, ఆయన గోదాములోకి వెళ్ళడం మానేశారు. టపా విభాగంలో ఒకాయనకు మౌనం పథ్యమైంది. ఫోను మోగితే దాని వంక దయగా చూసేవాడు. బూజు పట్టిన సంచులకు కూడా ఎండ పథ్యం రాశారు. అవి ఇప్పటికీ మేడ మీదే ఉన్నాయి.

అందరికంటే గొప్ప పథ్యం డైరెక్టరు గారిది. "రక్తపోటు దృష్ట్యా వైద్యులు నాకు ఎదురుమాట పడదని నిర్దేశించారు. సిబ్బంది సహకరించవలసిందిగా కోరుతున్నాను" అని సమావేశంలో చెప్పారు. సిబ్బంది చప్పట్లతో సహకరించారు.

వీటన్నిటికీ మూలపురుషురాలినైన నేను మాత్రం ఏప్రిల్ ఎండలో మేడ మెట్లు ఎక్కుతూ, ఎక్కుతూ, ఒకరోజు మూడో అంతస్తుకీ మేడకీ మధ్య కుప్పకూలిపోయాను. కళ్ళ ముందు తెల్లటి తెర. కాళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. గ్రేస్‌మణి పరిగెత్తుకొచ్చి, తడి తువ్వాలు మెడకు చుట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

"ఏటక్కా ఇది? మనిషివి సగమైపోయావు. వీళ్ళ పథ్యం మండిపోనూ! ఈ పూట నా మాట విను" అంటూ తన డబ్బా తెరిచి, అన్నంలో కొరమీను పులుసు కలిపి, నాలుగు ముద్దలు నోట్లో పెట్టింది.

ఏడుపు ఆగలేదు నాకు. ఒక్కో ముద్దకీ ఒక్కో గుటక ఏడ్చాను. పులుసు అంత బాగుంది.

ఇంతలో వాసన పట్టి పరమేశం గారు వచ్చారు. పడి ఉన్న నన్ను చూశారు, డబ్బాను చూశారు. ఆయన ముఖంలో అంతా అర్థమైన వెలుగు.

"అదీ సంగతి! చేప తిన్నారు, పడిపోయారు."

"అయ్యో, పడ్డాక తిన్నదండీ!" అంది గ్రేస్‌మణి.

"క్రమం ఏదైనా కారణం అదేనమ్మా" అన్నారాయన.

మర్నాడు గ్రేస్‌మణికి అపథ్య ప్రేరేపణ కింద సంజాయిషీ నోటీసు వచ్చింది. నాకు వేరే కబురు. నెలాఖరున మా శాఖ సెక్రటరీ గారు వస్తున్నారు, మేడ మీద పథ్య దినోత్సవం. నేను నా కాళ్ళతో మేడ ఎక్కి సెక్రటరీ గారి చేత దండ వేయించుకోవాలి. అలా ఎక్కితే పథ్యం ఫలించినట్టు, పథ్య శిరోమణి అని బిరుదు.

"ఎక్కలేకపోతే?" అన్నాను.

"అదే దండతో విరమణ చేసేస్తామండి" అన్నారు పరమేశం గారు ఆప్యాయంగా. "రెండిటికీ పనికొచ్చేలా మంచి గులాబీల దండ చెప్పాం. దుబారా ఉండదు."

ఆ రాత్రి ఇంట్లో ఏ డాక్టరూ రాయని పథ్యం చేశాను. ఏమీ తినలేదు. ఎక్కితే పడతాను. ఎక్కకపోతే పోతాను. ఎక్కి బతికి బట్టకట్టినా లిఫ్టు అక్కర్లేదని తేలిపోతుంది, మర్నాటినుంచి మళ్ళీ అవే మెట్లు. ఇరవై ఏళ్ళ సర్వీసు ఒక గులాబీల దండ కొసన వేలాడుతున్నట్టు కనిపించింది. మంచం మీద వెల్లకిలా పడుకుని, డాక్టరు గారు చెప్పిన ఒక్కో మాటా గుర్తు చేసుకున్నాను. కూరలు, పప్పులు, పళ్ళు, చేపలు. ఉప్పూ నూనే మితంగా. ఎండలో తిరగొద్దు. ఆ తర్వాత ఇంకేదో అన్నారే?

గుర్తొచ్చింది. లేచి, ఆవకాయ వేసుకుని శుభ్రంగా అన్నం తిని పడుకున్నాను.

దినోత్సవం నాడు కింద హాలంతా మామిడి తోరణాలు. నేను పట్టుచీర కట్టుకుని వచ్చి, అప్పన్నను అడిగి అతని స్టూలు పుచ్చుకుని, రాగుల లిఫ్టు ముందు కూర్చున్నాను. సెక్రటరీ గారి కారు పదకొండింటికి వచ్చింది. ఆయన స్థూలకాయులు. గుమ్మం దాటేసరికే చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పరమేశం గారు దండ పళ్ళెం పట్టుకుని వెంట నడుస్తున్నారు.

"వీరేనండి మన పథ్య మహిళ" అన్నారు డైరెక్టరు గారు నన్ను చూపిస్తూ. "సంస్థ చేపట్టిన పోషకాహార నియంత్రణ ఫలితంగా ఈమె ఇప్పుడు మీ సమక్షంలో నాలుగంతస్తులూ అవలీలగా అధిరోహిస్తారు. లేవండమ్మా."

నేను లేవలేదు. కూర్చునే నమస్కారం పెట్టాను.

"క్షమించాలి సార్. పథ్యంలో ఉన్నాను."

"అవునవును, అందుకే కదా ఈ సభ! ఏమిటమ్మా పథ్యం?" అన్నారు సెక్రటరీ గారు నుదురు తుడుచుకుంటూ.

"మెట్లు సార్."

పళ్ళెంలో దండ కూడా కదలడం మానేసింది.

"మెట్లా?"

"డాక్టరు గారు మెట్లు పడవన్నారు సార్. ఇన్నాళ్ళూ తెలియక రోజూ అపథ్యం చేశాను. అందుకే పథ్యం ఫలించలేదు. బీరకాయ తప్పేం లేదు."

డైరెక్టరు గారి ముఖం కందగడ్డలా అయింది. "అసంబద్ధం! పథ్యం అంటే ఆహార సంబంధమైనది. మెట్లు ఎక్కడైనా ఆహారమా?"

"తమరి పథ్యం ఎదురుమాట కదా సార్. దాన్ని ఏ కూరలో వేస్తారు?" అన్నాను, వీలైనంత వినయంగా.

వెనకాల గ్రేస్‌మణి కిసుక్కుమంది. డైరెక్టరు గారు నోరు తెరిచారు. ఏదన్నా అంటే తన పథ్యాన్ని తానే కాదనాలి. అనకపోతే నాది ఒప్పుకోవాలి. నోరు అలాగే ఉండిపోయింది. సాయం కోసం అకౌంట్స్ ఆయన వంక చూశారు. ఆయనకు ఫ్యాను పథ్యం, గాలి పోతుందని ఆయన కిక్కురుమనలేదు.

సెక్రటరీ గారు తల ఎత్తి మెట్ల వంక చూశారు. ఒక అంతస్తు, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, ఆ పైన ఎండ.

"మా కీళ్ళ డాక్టరు నాకూ ఇదే చెప్పాడు" అన్నారు నెమ్మదిగా. "మెట్లు తగ్గించండి అన్నాడు. ఏదో సలహా అనుకున్నాను. పథ్యం అనుకోలేదు." తర్వాత గొంతు పెంచి, "త్రివిక్రమరావు గారూ, పథ్యంలో ఉన్న అధికారిని మేడ ఎక్కించడం ఏ నిబంధన కింద?" అన్నారు.

ఏ నిబంధనా లేదని తేలింది. తేలగానే పరమేశం గారికి మోకాలు నొప్పి గుర్తొచ్చింది. ఇంజనీరు గారికి మడమ శూల గుర్తొచ్చింది. నిమిషాల్లో ఆ హాల్లో మెట్ల పథ్యం లేని మనిషి లేడు. డైరెక్టరు గారు కూడా, పైకి వెళ్ళే పని ఆయనకెన్నడూ లేకపోయినా, తనకు చిన్నప్పటినుంచీ మెట్లు పడవని తెలియజేశారు.

"మరి ఇది లిఫ్టేనా?" అన్నారు సెక్రటరీ గారు నా వెనక తలుపు చూసి.

"రాగులండి" అన్నాడు అప్పన్న.

బస్తాలు లాగి పడేశారు. మెకానిక్కుకి ఫోను చేయబోతుంటే అప్పన్న చేతులు కట్టుకుని, "ఎందుకండీ? పాడవలేదు" అన్నాడు.

"పాడవకపోతే మూడేళ్ళు ఎందుకు ఆపావయ్యా?"

"కరెంటు పొదుపు వారోత్సవాలకి ఆపమన్నారండి, ఆపాను. వారం అయ్యాక వెయ్యమని ఎవరూ అన్లేదండి. ఆర్డరు రావాలి కదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు! ఎన్ని మలుపుల్లో కూర్చున్నాను, ఎన్నిసార్లు గోడ పట్టుకుని ఏడ్చాను. అప్పన్న మీద అరుద్దామనుకున్నాను గానీ, నేను అడిగిన ప్రతిసారీ అతను నిజమే చెప్పాడు. ఆర్డరు రావాలన్నాడు. రాలేదు. ఇవ్వవలసింది పైవాళ్ళు, అతను కాదు.

సెక్రటరీ గారు నోటిమాటగా ఆర్డరు వేశారు. అప్పన్న స్విచ్చి వేశాడు. లిఫ్టు చిన్నగా దగ్గి, లోపల దీపం వెలిగించుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పళ్ళెంలో దండ ఏం చెయ్యాలో తోచక పరమేశం గారు డైరెక్టరు గారి వంక చూశారు. డైరెక్టరు గారు లిఫ్టు వంక చూశారు. రాగుల దుమ్ము ఇంకా రాలుతున్న ఆ తలుపుకు గులాబీల దండ వేశారు. సన్మానమూ కాదు, విరమణా కాదు. దుబారా మాత్రం కాలేదు.

నడవలేని మనిషి మూడేళ్ళు అడిగితే నడవని లిఫ్టు, నడవడం ఇష్టంలేని వాళ్ళు అడిగేసరికి అయిదు నిమిషాల్లో నడిచింది. పోనీలెండి, నాకు కావలసింది లిఫ్టు. ఎవరి మోకాలి పుణ్యమైతేనేం!

సోమవారం తొమ్మిదిన్నరకు ఆఫీసుకు వచ్చాను. గ్రేస్‌మణి నాకంటే ముందే వచ్చి నా కోసం కాచుకుని ఉంది. చేతిలో డబ్బా వేడిగా ఉంది, వాసన హాలంతా కమ్ముకుంది. సంజాయిషీ అడగవలసిన పరమేశం గారు అప్పటికే లిఫ్టులో పైకి వెళ్ళిపోయారట. లిఫ్టు పక్కన కొత్త బోర్డు ఉంది: "పథ్యము గలవారికి మాత్రమే ప్రవేశము." తలుపు దగ్గర అప్పన్న నిలబడి ఉన్నాడు. యూనిఫాం ఉతికించుకున్నాడు, స్టూలు ఎక్కడా కనిపించలేదు.

అడుగు లోపల పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీకేం పథ్యమమ్మా?"

"ఏంటప్పన్నా! ఇంత జరిగిందీ నీ కళ్ళ ముందే కదా? నీకు తెలీదూ?" అంది గ్రేస్‌మణి.

"తెలుసమ్మా. ఆర్డరు. ప్రతివాళ్ళనీ అడగాలి."

వెనకాల జనం పోగవుతున్నారు. గ్రేస్‌మణి చేతిలో పులుసు డబ్బా మూతలోంచి ఆవిరి వస్తోంది. ఆ ఏడాదిలో మొదటిసారి నా కాళ్ళు వణకడం లేదు.

"మెట్లు" అన్నాను.

"గట్టి పథ్యమేనమ్మా" అంటూ అప్పన్న పక్కకు తప్పుకుని, మూడు నొక్కాడు.